ప్లేగు రోజుల్లో సావిత్రీబాయి ఫూలే

సావిత్రీబాయి ఫూలే పేరు వినగానే మనకు బడి, పలక గుర్తొస్తాయి. కానీ ఆ తల్లి చివరి రోజులు రోగుల మధ్య గడిచాయని మనలో చాలామందికి తెలియదు.

ఆమె 1831 జనవరి 3న మహారాష్ట్రలోని సతారా జిల్లా నయ్‌గావ్‌లో పుట్టారు. తొమ్మిదేళ్ళకే జ్యోతిరావుతో పెళ్ళయింది. భర్త దగ్గరే అక్షరాలు నేర్చుకున్నారు. 1848లో ఇద్దరూ కలిసి పూణేలో ఆడపిల్లల బడి తెరిచారు. దారిలో పేడ, రాళ్ళు విసిరేవారు. ఆమె ఇంకో చీర వెంట తీసుకెళ్ళి, బడిలో మార్చుకుని పాఠం చెప్పేవారు. 1890లో జ్యోతిరావు చనిపోయాక సత్యశోధక సమాజాన్ని ఆమే ముందుండి నడిపారు.

1896లో బొంబాయిలో మొదలైన ప్లేగు పూణేకు పాకింది. చంకల్లో, గజ్జల్లో గడ్డలు లేచి మనుషులు రోజుల్లోనే రాలిపోయేవారు. అప్పటికి దానికి సరైన మందు లేదు. భయంతో అయినవాళ్ళే దూరం జరిగారు. అలాంటి సమయంలో ఆమె, డాక్టరైన పెంపుడు కొడుకు యశ్వంత్‌ను పిలిపించి, ఊరి బయట హడప్‌సర్ దగ్గర పొలాల్లో ఆసుపత్రి పెట్టించారు. అప్పుడు ఆమె వయసు 66 ఏళ్ళు. అయినా తానే వాడలకు వెళ్ళి రోగులను తీసుకొచ్చేవారు. ముండ్వాలోని మహర్ వాడలో పాండురంగ అనే పిల్లవాడికి ప్లేగు సోకితే వీపున మోసుకొచ్చారు. ఆ జబ్బే ఆమెకూ అంటుకుంది. 1897 మార్చి 10న కన్నుమూశారు.

మనం ఆమె త్యాగాన్ని పొగిడి ఊరుకుంటాం. కానీ ఒక్క మాట ఆలోచించాలి. అందరినీ మోసిన ఆ వీపు బరువును పంచుకోవడానికి ఎంతమంది ముందుకొచ్చారు?

2020లో కరోనా వచ్చినప్పుడు మన నర్సమ్మలకూ ఇదే కష్టం వచ్చింది. పీపీఈ కిట్లు వేసుకుని గంటల తరబడి మంచినీళ్ళు కూడా తాగకుండా పనిచేశారు. కళ్ళ ముందే రోగులు పోతుంటే ఏడ్వడానికి కూడా తీరిక లేకపోయింది. ఇంటికెళ్తే పిల్లలకు అంటుతుందని భయం. మనం చప్పట్లు కొట్టాం, పళ్ళేలు మోగించాం. అదే సమయంలో నర్సులను అద్దె ఇల్లు ఖాళీ చేయమన్నవారూ ఉన్నారు. వాళ్ళకు కావలసింది చప్పట్లు మాత్రమే కాదు. డ్యూటీ మార్చుకోవడానికి సరిపడా మనుషులు, కంటినిండా నిద్ర, వేళకు జీతం, మనసు విప్పి చెప్పుకోవడానికి ఒక తోడు.

మన హాస్టల్ చెల్లెళ్ళలో నర్సులు కావాలని కలలుగనేవారు ఎందరో ఉన్నారు. అమ్మా, సావిత్రీబాయిలా ధైర్యంగా సేవ చేయండి. అలసిపోయినప్పుడు అలసిపోయామని చెప్పడానికి సిగ్గుపడకండి. సేవ చేసేవారిని కాపాడుకోవడం కూడా సేవే. అదే ఆ తల్లికి మనమిచ్చే నిజమైన నివాళి.