హృదయలేఖకుడు ఐంథోవెన్

మానవుని గుండె పగలనక రేయనక కొట్టుకొనుచుండును. ప్రతి స్పందనమునకు ముందు దానియందు సూక్ష్మమైన విద్యుత్తు పుట్టి కండరములందెల్ల వ్యాపించును. ఆ విద్యుత్తుచే స్పష్టమైన గీత వ్రాయించి, గుండె నడకను వైద్యుల కన్నులకు గట్టినట్లు చూపిన మహనీయుడు విల్లెం ఐంథోవెన్.

ఐంథోవెన్ 1860వ సంవత్సరము మే 21వ తేదీన జావా ద్వీపమందలి సెమరాంగు పట్టణమున జన్మించెను. ఆ ద్వీపము నాడు డచ్చివారి యేలుబడిలో నుండెను. తండ్రి వైద్యుడు, కుమారుడు పసివాడై యుండగనే మరణించెను. తల్లి 1870లో ఆరుగురు బిడ్డలను వెంటబెట్టుకొని హాలెండు దేశమునకు మరలివచ్చి ఉట్రెక్టు నగరమున కాపురముండెను. అచ్చటనే ఐంథోవెన్ వైద్యవిద్య నభ్యసించి, ఇరువదియైదేండ్ల ప్రాయముననే లైడెన్ విశ్వవిద్యాలయమున శరీరధర్మశాస్త్రాచార్యుడుగా నియమింపబడెను.

1887లో లండనునందు వాలర్ అను శాస్త్రజ్ఞుడు మానవుని గుండె విద్యుత్తును మొదటిసారి గీతగా నమోదు చేసెను. కాని అతని పాదరసపు పరికరము మందగతి గలది. గీతలు వాస్తవమునకు దూరముగా నుండెడివి. ఐంథోవెన్ కొన్నియేండ్లు ఆ గీతలను గణితముచే సరిదిద్ది, తుదకు తానే నూతన యంత్రమును నిర్మింప బూనెను. బలమైన అయస్కాంతపు ధ్రువముల నడుమ, వెండిపూత గల అతిసన్నని స్ఫటికపు దారమును బిగించెను. గుండె విద్యుత్తు ప్రవహించినపుడు దారము కదలును. దాని నీడ ఛాయాచిత్రఫలకముపై బడి గీత యగును. ఆ గీతకే ఎలక్ట్రోకార్డియోగ్రామ్ అని పేరు. 1901లో వెల్లడియైన ఆ యంత్రము బరువు సుమారు 270 కిలోలు. నడుపుటకు ఐదుగురు కావలెను. రోగి ఉప్పునీటి పాత్రలలో చేతులను, కాలిని ముంచి కూర్చుండవలెను.

అట్టి యంత్రమును రోగి కడకు గొనిపోవుట యసాధ్యము. అందుచే 1905లో ఐంథోవెన్ ఒకటిన్నర కిలోమీటరు దూరమందున్న ఆసుపత్రినుండి టెలిఫోను తీగ ద్వారా గుండెవ్రాతను తన ప్రయోగశాలకు రప్పించెను. మరుసటి యేట, లయతప్పిన గుండెల వ్రాతలు పెక్కింటిని ప్రకటించెను.

ఔషధముల విషయమున ఈ వ్రాత విలువ క్రమముగా మరింత తేటపడెను. డిజిటాలిస్ మొక్క ఆకులనుండి వచ్చు మందు నీరసించిన గుండెకు బలమిచ్చును. మోతాదు మించినచో అదియే గుండెలయను చెరచి ప్రాణము దీయవచ్చును. సింకోనా బెరడునుండి లభించు క్వినిడిన్ లయతప్పిన గుండెను దారికి తెచ్చును. కాని కొందరియందు అదియే మరింత భయంకరమైన లయభంగమును గలిగించి, మూర్ఛకును ఆకస్మికమరణమునకును కారణమగును. నాడిపై నుంచిన వ్రేలికి ఈ అపాయము ముందుగా తెలియకపోవచ్చును. గుండెవ్రాతలోనో, అలల నడుమ ఎడము పెరుగుట, అలలు వెడల్పగుట, అకాలస్పందనములు చొరబడుట కానవచ్చును. దానిని గాంచి వైద్యుడు మోతాదును తగ్గించును. లేదా మందు మాన్పించును.

లండను వైద్యుడు థామస్ లూయిస్ ఈ యంత్రముతోనే లయభంగములను విశదముగా పరిశోధించెను. 1924వ సంవత్సరపు నోబెల్ బహుమానము తనకు లభించినపుడు ఐంథోవెన్ తన ప్రసంగమున లూయిస్ కృషిని మనసార కొనియాడెను. 1927 సెప్టెంబరు 29వ తేదీన లైడెన్‌లో ఆయన కన్నుమూసెను.

నేడు తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞానసంస్థ వంటి వైద్యాలయములలో, నాడు ఐదుగురు నడిపిన యంత్రము పనిని ఒక్కరు మోయగల చిన్నపెట్టె కొలది నిమిషములలో చేయుచున్నది. చిత్తూరు సీమ పల్లెనుండి వచ్చిన రైతు మంచముపై పరుండగా, అతని గుండె తన సంగతిని తానే కాగితముపై వ్రాయును. అందలి అలలకు ఐంథోవెన్ పెట్టిన పి, క్యూ, ఆర్, ఎస్, టి అను పేర్లే నేటికిని ప్రపంచమంతట చెల్లుచున్నవి.