నమ్మి నడిచిన మనిషి – బిషప్ అజరయ్య

జూన్ నెలలో రేకు పెట్టె, స్టీలు పళ్లెం, గ్లాసు, ఒక దుప్పటి తీసుకుని హాస్టల్ గేటు దగ్గర నాన్న చెయ్యి వదిలిన రోజు మనలో ఎవరికీ మరపు రాదు. ఆ రోజు నుండి మన జీవితంలో మార్పులు ఒకదాని వెనుక ఒకటి వస్తూనే ఉన్నాయి. పదవ తరగతి పూర్తయితే ఈ హాస్టల్ విడిచి కాలేజీ హాస్టల్‌కు పోవాలి. చదువు ముగిస్తే ఉద్యోగం కోసం ఊరు విడవాలి. ఇంట్లో పెద్ద దిక్కు పోతే ఒక్కరోజులో మనమే పెద్దవాళ్లం కావాలి. అలాంటి సమయంలో మనిషి దేనిని పట్టుకుని నిలబడాలి? ఈ ప్రశ్న మనసులో పెట్టుకుని, ఈ వార్షికోత్సవ సంచిక కోసం మేము ఒక మహనీయుని జీవితాన్ని ఎన్నుకున్నాము. ఆయనే డోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు.

మన హాస్టల్‌లో అన్ని మతాల పిల్లలు ఉన్నారు. అజరయ్యగారు క్రైస్తవ బోధకుడు. అయినా ఏ మతం వారైనా ఆయన జీవితం చదవవచ్చునని మా అభిప్రాయం. ఎందుకంటే ఆయన తన జీవితంలో మూడు పదుల ఏళ్లకు పైగా గడిపింది మన పల్లెల్లో, ముఖ్యంగా మన మాల, మాదిగ వాడల్లో. ఆయన కథలో మన తాతముత్తాతల కథ కూడా కలిసి ఉంది.

తల్లి మొక్కుకున్న బిడ్డ

అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతంలో వెల్లాలన్‌విలై అనే చిన్న ఊరిలో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగం ఆ ఊరి పాస్టరు. తల్లి పేరు ఎలెన్. వారికి ఒక ఆడపిల్ల పుట్టాక చాలా ఏళ్ల వరకు మళ్లీ సంతానం కలగలేదు. తల్లి ఎన్నో ఏళ్లు దేవునికి ప్రార్థన చేసింది. బైబిలులో హన్నా అనే తల్లి అలాగే ప్రార్థించి సమూయేలును కన్నదని ఉంది. ఆ కథను తలచుకునే తన కొడుక్కి ఆమె శామ్యూల్ అని పేరు పెట్టింది.

వారిది నాడార్ కులం. ఆ రోజుల్లో తిరునెల్వేలి ప్రాంతంలో నాడార్లను గుడుల్లోకి రానిచ్చేవారు కాదు. కనుక గడప బయట నిలబడడం అంటే ఏమిటో ఆయన కుటుంబానికి ముందే తెలుసు. ఈ సంగతి మనం గుర్తు పెట్టుకోవాలి. ఆయన తరువాతి జీవితం అర్థం కావాలంటే ఇది అవసరం.

చదువుకునే వయసులోనే తండ్రి చనిపోయారు. ఆయన కుటుంబంలో వచ్చిన మొదటి పెద్ద మార్పు అదే. బాలుడైన అజరయ్య మిషన్ బోర్డింగు స్కూళ్లలో చదివాడు. అంటే ఆయన కూడా మనలాగే గంట కొడితే లేచి, గంట కొడితే పడుకున్న పిల్లవాడే.

పట్టా చేతికి రాలేదు

తరువాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరారు. చదువు చివరిదాకా వచ్చింది. సరిగ్గా పరీక్షల సమయంలో జబ్బు చేయడంతో డిగ్రీ పట్టా చేతికి రాలేదు. ఆ రోజుల్లో డిగ్రీ ఉంటే సర్కారు కొలువు ఖాయం. ఇంటి కష్టం తెలిసిన కుర్రవాడికి ఆ దెబ్బ చిన్నది కాదు. పరీక్ష తప్పితే జీవితమే పోయినట్లు కుమిలిపోయే మిత్రులను మేము చూశాము. అలాంటి వారి కోసమే ఈ సంగతి ప్రత్యేకంగా రాస్తున్నాము. పట్టా లేని ఆ మనిషికే 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

అజరయ్యగారు వై.ఎం.సి.ఎ. సంస్థలో కార్యదర్శిగా చేరి దక్షిణ భారతమంతా తిరిగారు. యువకులను కలుసుకుని వారికి బోధ చేయడం ఆయన పని. అమెరికా నుండి వచ్చిన షేర్వుడ్ ఎడ్డీ ఆయనకు ప్రాణస్నేహితుడయ్యాడు. తెల్లవాడు, నల్లవాడు ఒకే బల్ల మీద కూర్చోవడమే అరుదైన ఆ కాలంలో వారిద్దరూ అన్నదమ్ముల్లా మెలిగారు.

1898లో అన్బు మరియమ్మాళ్ అనే యువతిని పెళ్లి చేసుకున్నారు. ఆమె ఆ కాలంలోనే పై చదువులు చదివిన స్త్రీ. కట్నం లేని పెళ్లి అది. వారికి నలుగురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు కలిగారు.

జాఫ్నా ప్రయాణం

1902లో ఆయన శ్రీలంకలోని జాఫ్నాకు వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుషులను ఇతర ప్రాంతాలకు సేవకు పంపుతున్నారు. ఆ దృశ్యం అజరయ్యగారి మనసును పట్టి కుదిపింది. తిరునెల్వేలిలో వేలాది క్రైస్తవులు ఉన్నారు. వారి బడులు, గుడులు ఇతర దేశాల వారి చేతుల మీదుగా వచ్చినవే. తీసుకోవడం తప్ప ఇవ్వడం మనకు రాదా అని ఆయన ఆలోచనలో పడ్డారు.

ఆ ఆలోచన నుండి 1903 ఫిబ్రవరి 12న తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. భారతీయుల మనుషులు, భారతీయుల డబ్బు, భారతీయుల పెత్తనం అన్నది దాని నియమం. ఎవరూ పని మొదలుపెట్టని ప్రాంతం కోసం వెతికి, నిజాం రాజ్యంలోని డోర్నకల్‌ను ఎంచుకుని మనుషులను పంపారు. 1905 డిసెంబరు 25న శ్రీరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీని స్థాపించినప్పుడు కూడా దాని కార్యదర్శి బాధ్యత ఆయన మీదనే పడింది.

ఊరు విడిచిన కుటుంబం

ఇప్పుడు ఆయన జీవితంలోని అసలు మలుపుకు వస్తున్నాము. దూర ప్రాంతాలకు సేవకు వెళ్లండి అని అజరయ్యగారు ఊరూరా యువకులను పిలుస్తున్నారు. తాను మాత్రం పేరున్న ఉద్యోగంలో, మాతృభాష మాట్లాడే సీమలో, తెలిసిన మనుషుల మధ్య ఉన్నారు. ఇతరులను వెళ్లమని చెప్పి తాను ఉండిపోవడం ఆయన మనసుకు ఒప్పలేదు. చాలాకాలం ప్రార్థించి, 1909లో వై.ఎం.సి.ఎ. పదవి వదిలేశారు. పాస్టరుగా అభిషేకం పొంది, భార్యాపిల్లలతో డోర్నకల్ వచ్చేశారు.

ఆ నిర్ణయం ఎంత కష్టమో ఒక్కసారి ఆలోచిద్దాం. అప్పటికి ఆయన వయసు ముప్పై అయిదు. ఇంట్లో చిన్నపిల్లలు. డోర్నకల్ అంటే బెజవాడ, సికింద్రాబాద్ రైలు మార్గంలో ఒక జంక్షను, చుట్టూ అడవి పల్లెలు, విషజ్వరాలు. రాజు వేరు, చట్టం వేరు, భాష వేరు. పెద్ద సభల్లో ప్రసంగాలు చేసిన మనిషి ఇక్కడ అ, ఆలు దిద్దుకోవలసి వచ్చింది. ఆయన తెలుగు నేర్చుకున్నారు, తెలుగులోనే బోధించారు. అన్బు అమ్మగారు కూడా ఈ నేలను తన పుట్టిల్లుగా చేసుకున్నారు. పల్లె స్త్రీలకు బోధించడం, పాస్టర్లు కాబోయే వారి భార్యలను తయారు చేయడం ఆమె చూసుకున్నారు. ఈ పనిలో సగం పేరు ఆమెకు రావాలి.

ముందు ఏమి జరుగుతుందో తెలిసి ఆ దంపతులు రాలేదు. దేవుడు పిలిచాడు, ఆయనే చూసుకుంటాడు అన్న ఒక్క నమ్మకంతో వచ్చారు. ఆ నమ్మకం చేతులు కట్టుకుని కూర్చునే నమ్మకం కాదని కూడా గమనించాలి. వచ్చిన మరునాటి నుండి భాష నేర్చుకోవడం, కాలినడకన, ఎడ్లబండి మీద పల్లెలు తిరగడం వారి దినచర్య అయింది.

ఎడింబరో సభ, కలకత్తా అభిషేకం

1910లో స్కాట్లాండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడికి వెళ్లిన కొద్దిమంది భారతీయుల్లో అజరయ్యగారు ఒకరు. తెల్ల మిషనరీలతో నిండిన ఆ సభలో ఆయన భయపడకుండా ఒక నిజం చెప్పారు. మిషనరీలు మా దేశానికి ధనం ఇచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, కాని మమ్మల్ని సమానులుగా చూసి స్నేహం మాత్రం ఇవ్వలేదన్నది దాని సారాంశం. కొందరికి కోపం వచ్చింది. కాని ఆ ప్రసంగం నూరేళ్లు దాటినా ఇంకా గుర్తున్నది.

రెండేళ్ల తరువాత మరో మార్పు వచ్చింది. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ ఆయనను కొత్త డోర్నకల్ డయోసిస్‌కు బిషప్‌గా చేయాలని సూచించారు. భారతీయుని చేతికింద తెల్లవారు పనిచేయాలా అని చాలామంది అభ్యంతరం చెప్పారు. మన దేశం వారిలోనూ కొందరు వద్దన్నారు. అయినా 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో ఆయనకు అభిషేకం జరిగింది. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన బతికి ఉన్నంతకాలం ఆ సంఘంలో మరో భారతీయుడు ఒక డయోసిస్‌కు పూర్తి బాధ్యత గల బిషప్ కాలేదు. అంటే ఆ ఒంటరితనం కూడా ఆయన ముప్పై రెండేళ్లు మోశారు.

వాడల్లో వెలుగు

మొదట డోర్నకల్ డయోసిస్ చాలా చిన్నది. 1920లలో కృష్ణా తదితర తెలుగు ప్రాంతాలు కూడా అందులో చేరాయి. 1941 నాటికి అందులోని క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. వారిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాల వారు. వారికి బాప్తిస్మం ఇచ్చి అజరయ్యగారు ఊరుకోలేదు. అపరిశుభ్రత, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాలతో పోరాడమని చెప్పారు. వాడల్లో బడులు పెట్టించారు. ఆ వాడల్లో పుట్టిన వారినే పంతుళ్లుగా, పాస్టర్లుగా తయారు చేశారు. నిన్నటిదాకా ఊరి బావి దగ్గరికి రానివ్వని మనిషి పుస్తకం పట్టుకుని పదిమంది ముందు నిలబడి మాట్లాడాడు. ఆ మార్పు చూసి కొన్ని పల్లెల్లో పై కులాల వారు కూడా సంఘంలో చేరారు. మాల, మాదిగలు ఒకే బల్ల దగ్గర కూర్చోవాలని ఆయన పట్టుబట్టారు. అది అంత సులువుగా జరగలేదు. ఈనాటికీ పూర్తిగా జరగలేదని మనకూ తెలుసు.

పేదవాడు పుచ్చుకునేవాడుగానే ఉండిపోకూడదని ఆయన పట్టుదల. అన్నం వండే ముందు పిడికెడు బియ్యం దేవుని పనికి తీసి పెట్టడం పల్లె తల్లులకు అలవాటయింది. తెలుగు కీర్తనలు, జాతరలు, కోతల పండుగలు ఆరాధనలోకి వచ్చాయి. డోర్నకల్‌లో కట్టిన ఎపిఫనీ కథీడ్రల్ చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. అందులో గుడి స్తంభాల పోలిక, మసీదు గుమ్మటాల పోలిక, చర్చి పోలిక అన్నీ కలిసి ఉన్నాయి. డబ్బు ఉన్నప్పుడు కట్టి, లేనప్పుడు ఆపి, సుమారు పాతికేళ్లకు పూర్తి చేశారు. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది.

విమర్శలు లేకపోలేదు. 1930లలో గాంధీగారు ఈ సామూహిక మత మార్పిడులను తప్పుపట్టారు. పేదవాడికి కూడా తన మతాన్ని తాను ఎన్నుకునే వివేకం ఉందని అజరయ్యగారి నమ్మకం. ఇద్దరూ దేశాన్ని ప్రేమించినవారే. ఈ ఒక్క విషయంలో మాత్రం కలవలేదు.

చూడని పండుగ

1935లో డాక్టర్ అంబేద్కర్ తాను హిందువుగా చనిపోనని ప్రకటించినప్పుడు దేశమంతా కదిలింది. క్రైస్తవుల్లో ఇన్ని శాఖలు ఉంటే వచ్చేవాడు ఏ శాఖలోకి రావాలి అన్న ప్రశ్న అప్పుడు పెద్దగా వినిపించింది. ఈ చీలికలు అజరయ్యగారిని ముందు నుండే బాధించాయి. 1919లోనే ట్రాంక్విబార్‌లో సంఘాల ఐక్యత కోసం సమావేశం జరపడంలో ఆయనే ముందు నిలిచారు. పాతికేళ్లు ఆ పని కోసం తిరిగారు, రాశారు, బతిమాలారు.

1945 జనవరి 1న డోర్నకల్‌లో ఆయన కన్నుమూశారు. ఆయన కోరిన దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ప్రారంభమైంది. మనం సి.ఎస్.ఐ. అని పిలిచే సంఘం అదే. ఆ పండుగ చూడడానికి ఆయన లేరు. తన కళ్లతో చూడలేకపోయినా, నాటినవాడు ఒకడు, నీళ్లు పోసేవాడు ఒకడు, పెంచేవాడు దేవుడు అన్న విశ్వాసంతోనే ఆయన పనిచేశారు.

మిత్రులారా, డోర్నకల్ నేడు తెలంగాణలోని మహబూబాబాద్ జిల్లాలో ఉంది. ఆ జంక్షను మీదుగా పోయే రైలు ఎక్కినవారు మనలో చాలామంది ఉంటారు. ఈసారి రైలు అక్కడ ఆగినప్పుడు, నూరేళ్ల క్రితం భాష రాని ఊరిలో చిన్నపిల్లలను వెంటబెట్టుకుని దిగిన ఆ దంపతులను ఒకసారి తలచుకోండి. రేపు మన పెట్టె సర్దుకుని మనం మరో ఊరిలో దిగవలసి వస్తుంది. ముందు దారి అంతా కనబడితేనే అడుగు వేస్తామంటే మనలో ఎవరమూ ఈ హాస్టల్ గేటు దాటి లోపలికి వచ్చి ఉండేవాళ్లం కాదు. అజరయ్యగారు కనబడినంత దారి నడిచారు, మిగతాది దేవునికి వదిలారు. మనం కూడా ఆ ధైర్యంతో మన అడుగు వేద్దామని మా తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ సంచిక ద్వారా చెప్పుకుంటున్నాము.