నల్ల తెర, బొమ్మల తెర: గ్యారీ కిల్డాల్

కంప్యూటర్ అనగానే మనకు బిల్ గేట్స్ పేరే గుర్తుకొస్తుంది. ఆయన కంటే ముందే చిన్న కంప్యూటర్లకు ఒక పద్ధతి నేర్పిన గ్యారీ కిల్డాల్ పేరు మన రాజమండ్రి, కాకినాడ వైపు మేము పీజీకి వచ్చే దాకా వినలేదు.

ఆయన 1942 మే 19న అమెరికాలోని సియాటిల్‌లో పుట్టారు. తాతగారు స్థాపించిన నౌకాయాన పాఠశాలే ఆ ఇంటికి ఆధారం. మన గోదావరి మీద లాంచీ సరంగు పని తండ్రి నుంచి కొడుక్కి వచ్చినట్టే, గ్యారీ కూడా మొదట అక్కడే పాఠాలు చెప్పారు. తర్వాత వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరి, 1972లో పిహెచ్.డి. పొందారు. మాంటెరేలోని నౌకాదళ పీజీ కాలేజీలో అధ్యాపకులుగా పనిచేశారు.

1974లో ఆయన తయారుచేసిన సీపీ/ఎం నల్లని తెర మీద నడిచేది. 'డైర్' అని కొడితే ఫైళ్ళ జాబితా వస్తుంది. ఒక్క అక్షరం తప్పినా రాదు. యంత్రాన్ని బట్టి మారే భాగాన్ని విడదీసి 'బయోస్' అని పేరు పెట్టడం ఆయన గొప్ప ఆలోచన. దానివల్ల ఒకే సిస్టమ్ రకరకాల కంపెనీల కంప్యూటర్లలో పనిచేసింది. భార్య డొరొతీతో కలిసి ఆయన పెట్టిన కంపెనీయే డిజిటల్ రీసెర్చ్.

1980లో ఐబీఎం వారు వచ్చారు. వారిని అక్కడికి పంపింది గేట్సే! రహస్య ఒప్పందం మీద సంతకం దగ్గర మాట కుదరలేదు. కిల్డాల్ ఆ రోజు సరదాగా విమానంలో తిరిగారని కథలు అల్లారు గానీ, తాను వెళ్ళింది కంపెనీ పని మీదేనని ఆయన తర్వాత వివరించారు. మైక్రోసాఫ్ట్ మాత్రం సీపీ/ఎం పోలికతో వేరొకరు రాసిన సిస్టమ్‌ను కొని ఐబీఎంకు ఇచ్చింది. ఐబీఎం తర్వాత రెండూ అమ్మింది: డాస్ 40 డాలర్లు, సీపీ/ఎం 240 డాలర్లు. జనం ఏది కొన్నారో వేరే చెప్పాలా?

కిల్డాల్ కంపెనీ నల్ల తెర దగ్గరే ఆగలేదు. 1985లో మౌస్‌తో బొమ్మల మీద నొక్కే 'జెమ్' తెచ్చింది. మొదటి విండోస్ వచ్చింది ఆ ఏడాది నవంబరులో. తమ మెకింటాష్‌ను పోలి ఉందని ఆపిల్ అభ్యంతరం చెప్పడంతో, జెమ్‌లో చెత్తబుట్ట బొమ్మ లాంటివి తీసేయాల్సి వచ్చింది.

తెలుగు మీడియం నుంచి వచ్చిన మాబోటి వాళ్ళకు ఈ తేడా చిన్నది కాదు. నల్ల తెర మీద ఏం కొట్టాలో, దాని స్పెల్లింగేమిటో ముందే తెలిసుండాలి. బొమ్మల తెర ఏమేం చేయొచ్చో తనే చూపిస్తుంది. అయినా వంద ఫైళ్ళ పేర్లు మార్చాలంటే ఒక్క వరుస కొట్టేవాడి పని క్షణంలో అవుతుంది, మౌస్ పట్టుకున్నవాడు ఒక్కొక్కటే నొక్కుతూ కూర్చోవాలి. సర్వర్ల దగ్గర నేటికీ నల్ల తెరదే రాజ్యం. తమ్ముళ్ళూ, ల్యాబ్‌లో అది కనిపిస్తే లేచిపోకండి.

1991లో కంపెనీని నోవెల్‌కు అమ్మేశారు. 1994 జూలై 11న, 52 ఏళ్ళ వయసులో, కిల్డాల్ మాంటెరేలో కన్నుమూశారు. డ్రైవులకు 'సి', 'డి' అని అక్షరాలు పెట్టడం, 'డైర్' అనే కమాండ్ ఆయన సీపీ/ఎం నుంచి డాస్‌కు, డాస్ నుంచి విండోస్‌కు వచ్చినవే.