పేరు బయటపెట్టని లెక్క

గురజాడ అప్పారావు గారు 1862 సెప్టెంబరు 21న ఎస్. రాయవరంలో మేనమామ గారింట్లో పుట్టారు. విజయనగరంలో చదువుకుని, అక్కడి మహారాజా కాలేజీలోనే పాఠాలు చెప్పారు. అప్పట్లో డబ్బు పుచ్చుకుని పసిపిల్లల్ని పెళ్లికిచ్చేసేవారు. ఆనంద గజపతి మహారాజు విశాఖ జిల్లాలో లెక్క తీయిస్తే, మూడేళ్లలో అలాంటి పెళ్లిళ్లు 1,034 తేలాయి. వాళ్లలో ముగ్గురికి వయసు ఏడాదే!

1897లో కన్యాశుల్కం అచ్చయినప్పుడు ముందుమాటలో గురజాడ ఈ అంకెలు, వయసులు పెట్టారు. ఏ పిల్ల పేరూ పెట్టలేదు. వాళ్లందరి బాధనీ నాటకంలో సుబ్బి అనే కల్పిత పాత్ర మోసింది. 1915 నవంబరు 30న ఆయన కన్నుమూశారు.

ఇప్పుడు యాక్సిడెంట్ జరిగితే మొహాలు కనిపించే ఫొటోలే ముందు గ్రూపుల్లోకి వచ్చేస్తున్నాయి. జనాన్ని కదిలించడానికి గురజాడకి ఒక్క పిల్ల మొహం కూడా అవసరం పడలేదు. ఫార్వర్డ్ నొక్కేముందు, ఆ ఇంటివాళ్లు దీనికి ఒప్పుకుంటారా అని ఒక్క క్షణం ఆలోచిద్దాం.