చీకటంటే వణికిన పిల్లాడే.. జపాన్ దెయ్యాల కథలను ప్రపంచానికి చెప్పాడు! ఎవరీ లఫ్కాడియో హెర్న్?

పుట్టింది గ్రీకు దీవిలో.. పెరిగింది ఐర్లాండ్‌లో.. రాసింది ఇంగ్లిష్‌లో. కానీ కన్నుమూసింది మాత్రం జపాన్ పౌరుడిగా! ఆయనే లఫ్కాడియో హెర్న్. జపాన్ వాళ్లు మాత్రం కొయిజుమి యాకుమో అంటారు.

నాలుగేళ్లకే అమ్మ దూరం

హెర్న్ 1850 జూన్ 27న లెఫ్కాడా దీవిలో పుట్టారు. తండ్రి బ్రిటిష్ సైన్యంలో డాక్టర్, ఐర్లాండ్ వాసి. తల్లి రోజా గ్రీకు మహిళ. కొడుకుతో డబ్లిన్ వచ్చిన ఆమె అక్కడ ఇమడలేకపోయింది. హెర్న్‌కు నాలుగేళ్లప్పుడు సొంతూరికి వెళ్లిపోయింది. తండ్రేమో ఇంకో పెళ్లి చేసుకున్నారు. ఇక హెర్న్‌ను పెంచింది తండ్రి తరఫు బంధువైన ఓ వృద్ధురాలు. దెయ్యాలంటే భయపడే ఆ పిల్లాడిని, ఆ భయం పోవాలని రాత్రిళ్లు చీకటి గదిలో పెట్టి తాళం వేసేవారు.

పదహారేళ్లకు స్కూల్లో ఆడుకుంటుండగా దెబ్బ తగిలి ఎడమ కంటి చూపు పోయింది. ఆ తర్వాత ఫొటోల్లో ఆ కన్ను కనపడకుండా ముఖం పక్కకు తిప్పుకునేవారు.

పెళ్లి చేసుకుంటే ఉద్యోగం పోయింది

19 ఏళ్లకు చేతిలో పెద్దగా డబ్బుల్లేకుండానే అమెరికాలోని సిన్సినాటి చేరారు. క్రైమ్ రిపోర్టర్‌గా పేరు తెచ్చుకున్నారు. 1874లో ఓ నల్లజాతి మహిళను పెళ్లాడారు. అప్పట్లో అక్కడ అలాంటి పెళ్లి చట్టవిరుద్ధం. దీంతో ఉద్యోగం ఊడింది. ఆ కాపురమూ నిలబడలేదు.

కథలు చెప్పింది భార్యే

1890లో పత్రిక పని మీద జపాన్ వెళ్లిన హెర్న్, మత్సుయే పట్టణంలో ఇంగ్లిష్ టీచర్‌గా చేరారు. అక్కడే సమురాయ్ కుటుంబానికి చెందిన సెత్సుతో పెళ్లయింది. నలుగురు పిల్లలు పుట్టారు.

అసలు విషయం ఏంటంటే.. హెర్న్‌కు జపనీస్ పుస్తకాలు చదవడం సరిగా రాదు. సెత్సు పాత పుస్తకాల షాపుల్లో వెతికి, చదివి, రాత్రిళ్లు ఆయనకు కథ చెప్పేది. ఆయన పెట్టిన షరతు ఒక్కటే.. పుస్తకం చూసి చదవకూడదు, సొంత మాటల్లోనే చెప్పాలి. ఇద్దరూ మాట్లాడుకునేది వాళ్లకు మాత్రమే అర్థమయ్యే కలగలుపు జపనీస్!

బ్రిటిష్ పౌరుడిగానే ఉండిపోతే తన ఆస్తి భార్యాపిల్లలకు దక్కదేమోనని హెర్న్ భయపడ్డారు. అందుకే 1896లో భార్య ఇంటిపేరు పెట్టుకుని జపాన్ పౌరుడైపోయారు. తన చిన్నతనంలో దొరకని భరోసా తన పిల్లలకు ఇచ్చారు.

అదే ఏడాది టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీలో చేరారు. 1903లో ఆ ఉద్యోగం పోతే, ఆయన కోసం విద్యార్థులు నిరసనకు దిగారు. ఆ స్థానంలోకి వచ్చింది ప్రముఖ రచయిత నత్సుమె సోసెకి.

పుస్తకం వచ్చిన ఏడాదే..

1904లో 'క్వైదాన్' వచ్చింది. మంచు రూపంలో వచ్చే యువతి, చెవులు పోగొట్టుకున్న గాయకుడు హోయిచి కథలు అందులోవే. అదే ఏడాది సెప్టెంబర్ 26న గుండెపోటుతో హెర్న్ కన్నుమూశారు. వయసు 54 ఏళ్లే.

హెర్న్ కథలతో మసాకి కొబయాషి తీసిన 'క్వైదాన్' సినిమాకు 1965లో కాన్స్‌లో జ్యూరీ ప్రత్యేక బహుమతి దక్కింది. కానీ పుస్తకం అట్ట మీద సెత్సు పేరు లేదు. ఆ లోటు కాస్త తీరింది 2025లో.. ఎన్‌హెచ్‌కే ఛానల్ మొదలుపెట్టిన 'బకెబకె' సీరియల్‌లో హీరోయిన్ పాత్రకు స్ఫూర్తి సెత్సునే!