గొంతుతో భయపెట్టిన ఆర్సన్ వెల్స్

 

మన హాస్టల్లో కరెంటు పోతే చాలు, అందరం ఒక్క చోట చేరి దయ్యాల కథలు చెప్పుకుంటాం. చీకట్లో చెప్పేవాళ్ల ముఖం కనపడదు. గొంతు ఒక్కటే వినపడుతుంది. అందుకే భయం ఎక్కువ. టీవీలు రాకముందు అమెరికాలో జనం రేడియో చుట్టూ కూర్చుని ఇట్లాగే నాటకాలు వినేవారంట. ఆ రోజుల్లో బాగా పేరు పొందిన గొంతు ఆర్సన్ వెల్స్ గారిది. ఆయన జీవితం గురించి నేను రాస్తున్నాను.

ఆయన 1915 మే 6న అమెరికాలోని కెనోషా పట్టణంలో పుట్టారు. తొమ్మిదేళ్లకే తల్లి చనిపోయింది. పదిహేనేళ్లప్పుడు తండ్రి కూడా పోయాడు. ఆయన కూడా మనలాగే హాస్టల్ ఉన్న బడిలో చదివారు. దాని పేరు టాడ్ స్కూల్. అక్కడ రోజర్ హిల్ అనే మాస్టారు ఆయన్ని నాటకాలు ఆడనిచ్చారు. పదహారేళ్లకే ఐర్లండు పోయి డబ్లిన్‌లో వేషం వేశారు. 1936లో న్యూయార్కులోని హార్లెంలో అంతా నల్లజాతి నటులతోనే షేక్‌స్పియర్ మాక్‌బెత్ నాటకం ఆడించారు.

తర్వాత రేడియోలో చేరారు. 1938 అక్టోబరు 30 రాత్రి అంగారక గ్రహం వాళ్లు భూమి మీదికి దిగారని వార్తలు చదివినట్టే నాటకం వేశారు. కొంతమంది నిజమే అనుకుని హడలిపోయారు. దేశమంతా పరుగులు తీసిందని పేపర్లు రాశాయి గానీ, అది ఎక్కువ చేసి రాసిందే అని తర్వాత తేలింది. అప్పుడాయనకు 23 ఏళ్లే.

నాకు బాగా నచ్చింది 1941లో వేసిన నాటకం. దాన్ని రాసింది లూసీల్ ఫ్లెచర్ అనే ఆమె. ఒకతను కారులో న్యూయార్కు నుంచి కాలిఫోర్నియా బయలుదేరతాడు. బ్రూక్లిన్ వంతెన మీద ఒక మనిషి కనపడతాడు. ఎంత స్పీడుగా పోయినా ఆ మనిషే ముందు నిలబడి ఉంటాడు, కారు ఆపమని చెయ్యి ఊపుతాడు. చివరికి భయపడి తల్లికి ఫోన్ చేస్తాడు. ఎవరో ఎత్తి, కొడుకు చనిపోయిన దిగులుతో ఆమె ఆస్పత్రిలో ఉందని చెప్తారు. ఆ కొడుకు ఇతనే! ఆరు రోజుల కింద ఆ వంతెన మీదనే కారు ప్రమాదంలో చనిపోయాడంట. ఇది తెలిసిన రాత్రి నేను బాత్రూంకి ఒక్కదాన్నే పోలేదు.

కానీ ఆ గొంతు భయపెట్టడానికే కాదు. 1946 ఫిబ్రవరిలో ఐజాక్ వుడార్డ్ అనే నల్లజాతి సిపాయి మిలిటరీ నుంచి బస్సులో ఇంటికి పోతుంటే, దారిలో పోలీసులు కొట్టి రెండు కళ్లూ పోగొట్టారు. కొట్టినవాడి పేరు బయటికి రావాలని వెల్స్ గారు వారం వారం రేడియోలో అడిగారు. పేరు బయటికొచ్చింది, కేసు నడిచింది. కోర్టులో మాత్రం ఆ పోలీసుకు శిక్ష పడలేదు. అయినా ఆ సంగతి ప్రెసిడెంట్ ట్రూమన్ మనసుకు తగిలింది. సైన్యంలో నల్లవాళ్లను వేరుగా పెట్టే పద్ధతి పోవాలని 1948లో ఆయన ఆర్డరు ఇచ్చారు.

వెల్స్ గారు సిటిజన్ కేన్ వంటి గొప్ప సినిమాలు కూడా తీశారు. 1985 అక్టోబరు 10న చనిపోయారు.

నేను ఆరో తరగతికి వచ్చినప్పుడు నాకు మా ఇంటి భాషే బాగా వచ్చు. తెలుగు తప్పు మాట్లాడితే నవ్వుతారని చాన్నాళ్లు నోరు తెరవలేదు. మా అవ్వ చదువుకోలేదు గానీ, ఆమె కథ చెప్తే కుక్కలు కూడా మొరగడం ఆపుతాయి. ఆ గొంతు నాలో కొంచెమైనా ఉంటుంది కదా. సోమవారం ప్రేయర్‌లో వార్తలు చదవడానికి పేరు ఇచ్చాను. తప్పులు వస్తే తర్వాత చెప్పండి, మధ్యలో నవ్వకండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని