రాజా దీన్ దయాళ్

కొత్త కెమెరా మెళ్ళో వేసుకుని పాకాల చెరువుకు పరుగెత్తిన మిత్రులు మన కాలేజీలో చాలామందే. లకుముకి పిట్ట మీద ఫోకస్ కుదిరేసరికి కొమ్మ ఖాళీ! అలా ఉసూరుమంటూ తిరిగొచ్చిన వాళ్ళంతా ఒక్కసారి రాజా దీన్ దయాళ్‌గారిని తలుచుకోవాలి.

ఆయన 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో ఒక జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, 1866లో ఇందోరు పబ్లిక్ వర్క్సులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. కెమెరా పట్టింది 1874 ప్రాంతంలో, అంటే ముప్ఫయ్యో ఏట. అప్పటి కెమెరా మనదిలా నొక్కితే అయిపోయేది కాదు. గాజు పలక మీద కలోడియన్ పోసి, వెండి ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే ఫోటో తీసి, అక్కడే చీకటి డేరాలో కడిగెయ్యాలి. మన ఎండలకు ఆ తడి ఎంతసేపుంటుంది? పైగా ఎదుటివాళ్ళు కొన్ని సెకన్లు కదలకుండా ఉండాలి. కోటగోడ ఎలాగూ కదలదు, మహారాజుకైతే మనవి చేసుకోవచ్చు. పిట్టకెవరు చెప్తారు?

ఉద్యోగం చేస్తూనే సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ తిరిగి కోటలూ గుళ్ళూ తీశారు. 1880ల నడుమ సెలవు పెట్టారు, ఆ తర్వాత సర్కారు కొలువే వదిలేశారు. సంసారం ఉన్న మనిషి గాజు పలకల్ని నమ్ముకుని బయటికి రావడం చిన్న సంగతేం కాదు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు, ఆరవ నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరయ్యారు, రాజా ముసవ్విర్ జంగ్ బిరుదు పొందారు.

1894లో నిజాం వేట విడిది మన నెక్కొండ దగ్గర పడింది. దీన్ దయాళ్ కెమెరా కూడా వచ్చింది. అప్పటికి పొడి ప్లేట్లు వచ్చాయి, పని కాస్త సులువైంది. అయినా ఆనాటి వేట ఫోటోల్లో పులి కదలకుండా ఉందంటే, అది ప్రాణంతో లేదు గనకనే. ఆయన్ని తప్పు పట్టలేం. ఇంగ్లండులో కియర్టన్ సోదరులు 1892లో గూట్లో గుడ్లను ఫోటో తీస్తేనే గొప్పగా చెప్పుకున్న రోజులవి. ఆ తర్వాత పక్షులు బెదరకుండా వాళ్ళు బోలు ఎద్దుబొమ్మలో కూడా దాక్కున్నారు!

దీన్ దయాళ్ 1905లో కన్నుమూశారు. ఆయన గాజు నెగటివులు రెండువేల ఎనిమిది వందలకు పైగా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి చేరాయి.